‘హౌస్‌వైఫ్’ గారి పుట్టిల్లు

బడిలో పిల్లల్ని చేర్పించే కాగితం కానివ్వండి, బ్యాంకు ఖాతా కానివ్వండి, పాస్‌పోర్టు దరఖాస్తు కానివ్వండి, ‘వృత్తి’ అని ఒక గడి వుంటుంది. మగవారు ఆ గడి దగ్గర కాస్త ఆగుతారు. గుమాస్తా అని రాయాలా, సీనియర్ అసిస్టెంటు అని రాయాలా అని ఆలోచన. మనం ఆగం. ‘హౌస్‌వైఫ్’ అని రాసేసి కింది గడికి వెళ్ళిపోతాం. పెళ్ళిళ్ళలో ఎవరైనా కొత్తవాళ్ళు పక్కన కూర్చుని “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగితే ఆ మాటకి ముందు ఇంకో ముక్క కూడా తగిలిస్తాం. “నేనా? ఏం లేదండీ, జస్ట్ హౌస్‌వైఫ్‌ని.” ఏం లేదట! తెల్లారగట్ల అయిదింటికి లేచి, రాత్రి పదిన్నరకి వంటింటి దీపం ఆర్పే మనిషి చెప్పే మాట అది.

మనకి ‘ఇల్లాలు’ అనే చక్కటి మాట వుండగా ఇదెందుకు వచ్చిపడింది? ఏమంటే, ఇల్లాలు అని మనల్ని ఇంకొకరు అనాలి. “ఆ ఇల్లాలిది ఎంత ఓర్పు!” అని. మనంతట మనం “నేను ఇల్లాలినండీ” అంటే, పద్యానికి ముందు రాగం తీసినట్టుంటుంది. ఇల్లాలు మెచ్చుకోలు, వృత్తి కాదు. అంచేత గడి నింపడానికి ఇంగ్లీషువాడి మాట ఎరువు తెచ్చుకున్నాం. ఎరువు తెచ్చుకున్న నగ ఎవరింటిదో, ఎన్ని చేతులు మారిందో తెలుసుకోవడంలో తప్పు లేదు గదా. ఈ నగకి ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర వుంది. అందులో మర్యాదా వుంది, అప్రతిష్ఠా వుంది.

హౌస్ అంటే ఇల్లు, వైఫ్ అంటే భార్య. ఇంటి భార్య. ఇదేం మాట? ఇంటికి భార్య ఏమిటి? బయటి భార్య ఇంకొకతె వుందా? అని ఎవరికైనా నవ్వు రావాలి. అసలు సంగతేమిటంటే, ఈ మాట పుట్టినప్పుడు ‘వైఫ్’ అంటే భార్య ఒక్కటే అర్థం కాదు. పాత ఇంగ్లీషులో ‘వీఫ్’ అంటే ఆడమనిషి, అంతే. ఆమెకి పెళ్ళయిందా, మొగుడున్నాడా అనే ఆరా ఆ మాటలో లేదు. మంత్రసానిని ఇంగ్లీషులో ‘మిడ్‌వైఫ్’ అంటారు చూడండి, అందులో వున్నది ఆ పాత వైఫే. ‘మిడ్’ అంటే పూర్వం ‘తోడు’ అని. కాన్పు వేళ తోడుండే ఆడమనిషి. చేపలమ్మే ఆవిడ ‘ఫిష్‌వైఫ్’. ఆవిడకి చేపతో పెళ్ళి కాలేదు! ఇప్పుడు మనం ఆడమనిషి అనడానికి వాడే ‘వుమన్’ కూడా ఈ వీఫ్ కడుపున పుట్టిందే. ‘వీఫ్‌మన్’, అంటే ‘ఆడ మనిషి’ అనే సమాసం అరిగి అరిగి వుమన్ అయింది. ఆ రోజుల్లో ‘మన్’ అంటే మగవాడని కాదు, మనిషి అని. మగమనిషిని చెప్పాల్సివస్తే ‘ఆయుధం పట్టిన మనిషి’ అనే అర్థం వచ్చేలా ఇంకో సమాసం వుండేది. కాలక్రమేణా మగవాడు ఆయుధం పారేసి ‘మనిషి’ అనే మాటని మొత్తంగా తన పేరున రాయించుకున్నాడు. ఆడది మాత్రం ఆ ముందుముక్క మోస్తూనే వుంది.

ఇంకో తమాషా. పాత ఇంగ్లీషులో ఈ వీఫ్ అనే మాట వ్యాకరణం ప్రకారం స్త్రీలింగం కాదు, నపుంసకలింగం! జర్మన్ భాషలో దీని తోబుట్టువు ‘వైబ్’ ఇవాళ్టికీ నపుంసకమే. (ఇవాళ అది మర్యాదమాట కూడా కాదు లెండి.) ఇది చదివి తెల్లవాళ్ళెంత అన్యాయం చేశారో అని మనం బుగ్గలు నొక్కుకోవడానికి లేదు. మన సంగతి చూడండి. ఆయన వచ్చాడు. ఆవిడ వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. క్రియ దగ్గర మనమూ, ఆవూ, బస్సూ ఒక్క పంక్తి! చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాస్తూ ఈ సంగతిని సూత్రంగానే కట్టాడు. ఆడవాళ్ళూ, జంతువులూ, ప్రాణంలేని వస్తువులూ పోగా మిగిలినవాళ్ళు ‘మహత్తులు’ అన్నాడు. ఆయన్ననడానికి లేదు. భాషలో వున్నదాన్నే చెప్పాడు. విశేషమేమిటంటే బహువచనం వచ్చేసరికి మనకీ ‘మహత్తు’ దక్కుతుంది. ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి, కాని ఆడవాళ్ళు ‘వచ్చారు’. నలుగురం కలిసి వెళితేగాని తెలుగు వ్యాకరణం మనల్ని మనుషుల్లో లెక్కపెట్టదన్నమాట. 

సరే, హౌస్‌వైఫ్ దగ్గరికి వద్దాం. అప్పట్లో ‘హూస్‌వీఫ్’. పదమూడో శతాబ్దం మొదటి భాగానికి చెందిన ‘ఆంక్రెన్ విస్సె’ అనే పుస్తకంలో ఈ మాట కనిపిస్తుంది. దొరికిన తొలి వాడుకల్లో అదొకటి. ఆ పుస్తకం ఎవరికోసం రాశారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇంటిని వదిలేసుకున్న ఆడవాళ్ళకోసం! ఆ కాలంలో ఇంగ్లండులో కొందరు స్త్రీలు చర్చి గోడని ఆనుకుని కట్టిన చిన్న గదిలోకి వెళ్ళి, బతికినంతకాలం బయటికి రాకుండా ప్రార్థనలో వుండిపోయేవారు. అలాంటి ముగ్గురు అక్కచెల్లెళ్ళ కోసం, ఏం తినాలి, ఏం కట్టుకోవాలి, ఎవరితో మాట్లాడాలి అని నియమాలు రాసిపెట్టాడు ఒక మతగురువు. అందులో ఒక నియమం: పిల్లిని తప్ప ఏ జంతువునీ పెంచకూడదు. ఎందుకూ అంటే, ఆవును పెంచారనుకోండి, దాని మేత సంగతి చూడాలి, పశువులకాపరి జీతం చూడాలి, అది ఎవరి చేలోనో పడితే బందెలదొడ్డికి తోలినవాణ్ణి తిట్టుకోవాలి, ఆ తర్వాత నష్టం కట్టుకోవాలి. ఇంత జంజాటం పెట్టుకున్న మనిషి విరాగినిలా వుండదు, బైబిల్లో మార్తలాగా హౌస్‌వైఫ్‌లా వుంటుంది, అంటాడాయన. మార్త ఎవరో తెలుసుగా? ఏసుక్రీస్తు ఇంటికి వస్తే చెల్లెలు మేరీ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటుంటే, వంటా వడ్డనా అని వంటింట్లో సతమతమైన అక్క.

ఆయన ఆ మాటని మెచ్చుకోలుగా వాడలేదు, నిజమే. కాని హౌస్‌వైఫ్ అంటే ఆయన మనసులో మెదిలిన చిత్రం చూడండి. పశువులు, పనివాడి జీతం, పొరుగువాళ్ళతో తగాదా, జరిమానా లెక్క. పొయ్యి ముందు కూర్చుని మొగుడికోసం ఎదురుచూసే ఆవిడ కాదు. ఒక చిన్న సంస్థానాన్ని నడిపే మనిషి. ‘ఏం లేదండీ’ అనే మనిషి కానే కాదు.

ఈవిడగారి జోడీ ‘హజ్బెండ్’ కథ కూడా చెప్పుకోవాలి. ఆ మాట ఇంగ్లీషువాళ్ళది కూడా కాదు. సముద్రం దాటి వచ్చి ఇంగ్లండు మీద పడిన నార్స్‌వాళ్ళ ‘హూస్‌బోండి’. హూస్ అంటే ఇల్లు, బోండి అంటే వాసం వుండేవాడు, స్వంత కొంప వున్నవాడు. ఇంటి యజమాని. అతనికి పెళ్ళయిందో లేదో ఆ మాటకి మొదట్లో అక్కర్లేదు. పదమూడో శతాబ్దం చివరికిగాని ‘భర్త’ అనే అర్థం రాలేదు. ఇది మనకి కొత్త కాదు. “మా వాడు ఒక ఇంటివాడయ్యాడండీ” అంటే అర్థమేమిటి? స్థలం కొని శంకుస్థాపన చేశాడనా? పెళ్ళి చేసుకున్నాడని! ‘గృహస్థు’ అన్నా ఇంట్లో వుండేవాడనే. నార్స్ దేశాలకీ మనకీ మధ్య ఎన్ని సముద్రాలున్నాయో గాని, ఇల్లు వుంటేనే మొగుడు అనే విషయంలో అందరిదీ ఒకటే మాట. 

ఆమాటకొస్తే మన ‘దంపతులు’లో కూడా ఇల్లుంది. ‘దమ్’ అంటే వేదకాలపు భాషలో ఇల్లు. దంపతి అంటే ఇంటి యజమాని. ఈ దమ్‌కే లాటిన్‌లో ‘దోముస్’ చుట్టం. దాన్నించి ఇంటి యజమానురాలు ‘దోమినా’ వచ్చింది, ఆ దోమినా నించే ఫ్రెంచి ద్వారా ‘మేడమ్’. ఇంకో చుట్టం గ్రీకులో వున్నాడు. ఇల్లు, పతి అనే ఆ రెండు ముక్కలే అక్కడ కలిసి ‘దెస్పోతేస్’ అయింది. ఇంగ్లీషులోకి దిగేసరికి ‘డెస్పాట్’, నిరంకుశుడు! శుభలేఖలో ‘నూతన దంపతులు’ అని అచ్చువేసినప్పుడు ఆ మాటకి గ్రీకుదేశంలో అలాంటి అన్నగారున్నాడని ఎవరికి తెలుసు? తెలిసినవాళ్ళు పెళ్ళయ్యాక తెలుసుకుంటారు.

మాటల పుట్టుక అనే సరదాలో పడ్డాక ‘లేడీ’ని వదిలిపెట్టడం న్యాయం కాదు. పాత ఇంగ్లీషులో ఆ మాట రూపం ‘హ్లాఫ్‌దీయె’. రొట్టెకి పిండి పిసికే ఆవిడ అని అర్థం. ‘లార్డ్’ ఏమో ‘హ్లాఫ్‌వేర్డ్’, రొట్టెకి కాపలా కాసేవాడు. ఆ ఇంట్లో తిని పడివుండేవాడికి ‘రొట్టె తినేవాడు’ అని ఇంకో మాట. ఒకరు చేస్తారు, ఒకరు తాళం వేస్తారు, ఒకరు తింటారు. సంసారమంతా మూడు మాటల్లో వుంది. పిసికే ఆవిడ పేరు దొరసానులకి పోయింది. తాళం వేసిన ఆయన పేరు దేవుడిదాకా వెళ్ళింది. మన సంస్కృతం ఇంకో దారి తొక్కింది. ‘భర్త’ అంటే భరించేవాడు, పోషించేవాడు. ‘భార్య’ అంటే పోషింపబడవలసినది. ఇంగ్లీషువాడు కనీసం పిండి ఎవరు పిసికారో చెప్పాడు!

హౌస్‌వైఫ్ వైభవం చూడాలంటే 1615లో జర్వేస్ మార్కమ్ అచ్చువేయించిన ‘ది ఇంగ్లిష్ హజ్‌వైఫ్’ అనే పుస్తకం చూడాలి. రాసినాయన మగవాడే. గుర్రాల గురించి, పశువుల జబ్బుల గురించి అదేపనిగా పుస్తకాలు రాస్తుంటే, లండను పుస్తకాలవాళ్ళు విసిగిపోయి, ఇకమీదట పశువుల వైద్యం మీద రాయనని 1617లో ఆయనచేత సంతకం పెట్టించుకున్నారు. అంతటి రచయిత! అయినా హౌస్‌వైఫ్‌కి ఏమేం తెలిసివుండాలని ఆయన రాశాడో వినండి. మొట్టమొదట వైద్యం. జ్వరాలకీ, గాయాలకీ, కడుపునొప్పికీ మందులు. ఆ తర్వాత వంట, విందుల ఏర్పాటు. అత్తరులాంటి పరిమళ ద్రవ్యాలు బట్టీపట్టడం. ఉన్ని, జనుము, అవిసెనారతో నూలు తీయడం, రంగులద్దడం. పాలూ, వెన్నా, జున్నుగడ్డా. బార్లీ మొలకెత్తించడం, బీరు కాచడం, రొట్టె కాల్చడం. ఒక ఆస్పత్రి, ఒక బట్టలమిల్లు, ఒక డెయిరీ, ఒక బేకరీ, ఒక సారాబట్టీ కలిపి ఒక మనిషి. ఆ మనిషి పేరు హౌస్‌వైఫ్.

అంతకుముందే థామస్ టస్సర్ అనే ఆయన వ్యవసాయం గురించి పద్యాల్లో పుస్తకం రాసి, 1573లో దాన్ని పెంచి, ‘హజ్బెండ్రీ’కి అయిదువందల సూత్రాలూ, వాటికి జతగా ‘హజ్‌వైఫరీ’కి మరికొన్నీ చెప్పాడు. అంటే రెండూ రెండు విద్యలు. హజ్బెండ్రీ పొలం విద్య, హజ్‌వైఫరీ ఇంటి విద్య. ఇప్పుడు చూడండి: వ్యవసాయాన్ని నేటికీ ఇంగ్లీషులో హజ్బెండ్రీ అంటారు, పశుసంవర్ధక శాఖ పేరులో ఆ మాట బోర్డుకెక్కి వుంది. పొదుపుగా వాడుకోవడానికి ‘హజ్బెండ్’ అని క్రియ కూడా వుంది. ఇంట్లో పొదుపు చేసేది ఎవరో, క్రియ ఎవరి పేరున వుందో! హజ్‌వైఫరీకి మాత్రం శాఖా లేదు, బోర్డూ లేదు.

ఇక పతనం. మాట పతనం కావడానికి మొదటి మెట్టు నాలిక. ‘హూస్‌వీఫ్’ అని నిండుగా పలికే ఓపిక లేక ముందు అచ్చు కుదించారు, తర్వాత వకారాన్ని మింగేశారు. ‘హజిఫ్’ అయింది. చివరి ఫకారం కూడా పోయి ‘హజీ’ అయింది. పదహారో శతాబ్దంలో ‘హజీ’ అన్నా ఇంటి యజమానురాలే. అందులో తప్పేమీ లేదు. ఆ తర్వాత పల్లెటూరి మొరటు ఆడది అని అర్థం వచ్చింది. పదిహేడో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి బరితెగించినది, నడత చెడినది అని స్థిరపడిపోయింది. ఇవాళ ఇంగ్లీషులో ఒక ఆడదాన్ని ‘హస్సీ’ అంటే చెంపదెబ్బ ఖాయం. అదీ, మనం గడిలో రాసేదీ ఒక్క మాటే!

షేక్‌స్పియర్ ఆ జారుడుబండ మధ్యలో వున్నాడు. ‘అయిదవ హెన్రీ’లో పిస్టల్ అనే తాగుబోతు సిపాయి, అదృష్టదేవత తనని మోసం చేసిందని చెప్పడానికి ఆవిడ తన దగ్గర ‘హజ్‌వైఫ్’ వేషాలు వేస్తున్నదా అంటాడు. ‘ఒథెల్లో’లో ఇయాగో మరీ దుర్మార్గుడు. బియాంకా గురించి చెబుతూ, ఒళ్ళమ్ముకుని తిండీబట్టా కొనుక్కునే హౌస్‌వైఫ్ అంటాడు. రొట్టెపిండి పిసికితే లేడీ, రొట్టెకోసం బతుకు అమ్ముకుంటే హౌస్‌వైఫ్. నాకు ఈ నాటకం చదివినప్పుడల్లా ఒక అనుమానం. ఇయాగో అబద్ధాలకోరని షేక్‌స్పియర్ మనకి మొదటి అంకంలోనే చెప్పేశాడు. దెస్దెమోనా గురించి అతను చెప్పినవన్నీ అబద్ధాలని ప్రేక్షకులకి తెలుసు. మరి బియాంకా గురించి చెప్పిన మాటని మాత్రం విమర్శకులు ఎందుకు అంత తేలిగ్గా నమ్మేశారు? ఆవిడ తను నిజాయితీగా బతికే మనిషినని నాటకంలోనే ఎదురు చెబుతుంది. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒక ఆడదాని మీద మాటపడితే సాక్ష్యం అక్కర్లేదు కాబోలు.

ఇలా జారింది హౌస్‌వైఫ్ ఒక్కతే కాదు. ‘మిస్ట్రెస్’ ఇంటి యజమానురాలుగా మొదలై ఉంపుడుగత్తె అయింది. ఆ ‘మేడమ్’ గారు కూడా ఒక అర్థంలో కంపెనీ ఇల్లు నడిపే ఆవిడ అయ్యారు. వాళ్ళ జోడీలు మాస్టరూ, సర్‌గారూ మాత్రం ఇస్త్రీ నలగకుండా అలాగే వున్నారు.

తెలుగు ఈ చిక్కుని ఎలా దాటిందో చూస్తే నాకు ముచ్చటా వేస్తుంది, కష్టమూ వేస్తుంది. మన ఇల్లాలు కూడా అచ్చం హౌస్‌వైఫ్‌లాంటి సమాసమే. ఇల్లు, ఆలు. ఆలు అంటే ఆడది, భార్య. ఆలుమగలు, ఆలుబిడ్డలు అంటాం గదా, ఆ ఆలు. అయితే ఇల్లాలు ఎన్ని వందల ఏళ్ళయినా మైల పడలేదు. ఎందుకంటే మనవాళ్ళు ఆ ఆలుకే ఇంకో ముందుముక్క తగిలించి, పక్కన వేరే మాట తయారుచేసి పెట్టుకున్నారు. వెల, ఆలు: వెలయాలు. ఇంటిలో వుంటే ఇల్లాలు, వెలకి దొరికితే వెలయాలు. మధ్యలో ఇంకో ఆలుకి చోటు లేదు! మధురవాణి ముందు పంతుళ్ళందరూ తలవంచుకున్న ‘కన్యాశుల్కం’ వచ్చినా ఆ గోడ పడిపోలేదు. ఇంగ్లీషువాడు ఒకే మాటని సగం చీల్చి, మంచిదాన్ని ఇటూ చెడ్డదాన్ని అటూ వేశాడు. మనం మొదటే రెండు గిన్నెలు పెట్టుకున్నాం. ఇల్లాలు అనే మాట శుభ్రంగా వుండడానికి ఖరీదు వెలయాలు కట్టింది. ఈ సంగతి తెలిశాక ‘ఇల్లాలు’ అనే మాటని నెత్తిన పెట్టుకుని మురిసిపోవడం నావల్ల కావడం లేదు. 

ఇంగ్లండులో ‘హజీ’ ఇలా చెడిపోయాక మర్యాదస్థులకి భయం పట్టుకుంది. పాత ఉచ్చారణ తీసేసి, ‘హౌస్’, ‘వైఫ్’ అని రెండు ముక్కలూ విడివిడిగా, స్పష్టంగా పలకడం మొదలుపెట్టారు. ఇవాళ మనం పలికేది ఆ కడిగి ఆరేసిన రూపం. పాత ఉచ్చారణ ‘హజిఫ్’ మాత్రం ఒక్కచోట దాక్కుని బతికింది. ఎక్కడో తెలుసా? కుట్టుసంచిలో. పద్దెనిమిదో శతాబ్దం నించి సూదులూ, దారాలూ, బొత్తాలూ పెట్టుకునే చిన్న గుడ్డసంచిని ‘హజ్‌వైఫ్’ అన్నారు. జేన్ ఆస్టిన్ 1792లో ఒక స్నేహితురాలు ఊరు వదిలి వెళ్ళిపోతుంటే స్వయంగా అలాంటిది కుట్టి, చిన్న పద్యం రాసి అందులో పెట్టి ఇచ్చింది. ఆవిడ నవల ‘ఎమ్మా’ (1815)లో మిస్ బేట్స్ అనే గలగల మాట్లాడే ముసలి కన్య, మేనకోడలి వుత్తరం ఏదీ ఏదీ అని వెతుక్కుంటుంది. తీరా చూస్తే అది ఈ హజ్‌వైఫ్ కిందే వుంటుంది. ఆ నవల చదివేవాళ్ళు ఇల్లాలి కింద వుత్తరం ఏమిటా అని కంగారుపడకండి! 

ఇంతకన్నా విచిత్రం, ఈ సంచిని సైన్యం కూడా పుచ్చుకుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ సిపాయిల సామానులో బొత్తాలు కుట్టుకోవడానికీ, మేజోళ్ళు బాగుచేసుకోవడానికీ ఒక ‘హౌస్‌వైఫ్’ వుండేది. ఇంటి దగ్గర ఆవిడ చేసే పని అంతా చుట్టచుట్టి నాడా కట్టి జేబులో పెట్టుకున్నారు.

మాట ఇలా చెడిందీ, కడుక్కుందీ అనుకున్నాం. కాని అసలు నష్టం మాటకి జరగలేదని నా ఉద్దేశం. దానిలోపలి సరుకుకి జరిగింది. మార్కమ్ చెప్పిన చిట్టా మళ్ళీ ఒకసారి చూడండి. మధ్యయుగాల్లో ఇంగ్లండులో ఏల్ కాచి అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వ్యాపారం పెద్దదై లాభం కనిపించేసరికి అది మగవాళ్ళ పరిశ్రమ అయింది. 1760లలో వడికే యంత్రాలు వచ్చి నూలు మిల్లుకి పోయింది. వైద్యం పట్టాలున్నవాళ్ళకి పోయింది. వడికే ఆవిడ అనే అర్థంతో పుట్టిన ‘స్పిన్‌స్టర్’ అనే మాట, రాట్నం పోయాక పెళ్ళికాని ఆడది అనే అర్థంతో మిగిలింది. 2005 దాకా ఇంగ్లండు పెళ్ళి రిజిస్టర్లలో దాన్ని అలాగే రాసేవారు. ఏ పనికి డబ్బు వస్తుందో ఆ పని గుమ్మం దాటి వెళ్ళిపోయింది. డబ్బు రాని పనులన్నీ ఇంట్లో మిగిలాయి. అంట్లు, బట్టలు, ఊడ్పు, వంట, పసిపిల్లల సేవ, ముసలివాళ్ళ సేవ. హౌస్‌వైఫ్ ఖాళీ చేయబడిందేగాని ఖాళీగా లేదు. 

పందొమ్మిది వందల అరవైలు వచ్చేసరికి ఈ ఖాళీతనం మీద పుస్తకాలు వచ్చాయి. 1963లో అమెరికాలో బెట్టీ ఫ్రీడన్ ‘ది ఫెమినైన్ మిస్టిక్’ రాసి, జనాభా లెక్కల కాగితంలో వృత్తి దగ్గర హౌస్‌వైఫ్ అని రాసుకున్న చదువుకున్న ఆడవాళ్ళ లోపలి వెలితిని బయటపెట్టింది. మంచి పుస్తకమే. కాని ఆవిడ చెప్పిన హౌస్‌వైఫ్‌కి బట్టలుతికే మిషనుంది, కారుంది. ఆ ఇంట్లో పనిమనిషి బాధ ఎవరు రాస్తారని తర్వాతివాళ్ళు అడిగారు, అడగవలసిందే. నాకు 1974లో ఇంగ్లండులో ఆన్ ఓక్లీ రాసినవి ఇంకా నచ్చుతాయి. ఆవిడ వెలితి అనలేదు, ఇంటిపనిని ‘పని’ అంది. ఫ్యాక్టరీలో కార్మికుణ్ణి అడిగినట్టే, ఎన్ని గంటలు చేస్తారు, విసుగొస్తుందా అని ఇంటి ఆడవాళ్ళని అడిగి రాసుకుంది. అంతకి రెండేళ్ళముందే, 1972లో, ఇంటిపనికి జీతమివ్వాలని సెల్మా జేమ్స్ మొదలైనవాళ్ళు ఉద్యమం లేవదీశారు. 

పేరు మారిస్తే పరువు వస్తుందని నమ్మేవాళ్ళూ వున్నారు. బ్రిటన్‌లో 1960లో ఇళ్ళలో ఒంటరిగా వుండిపోయిన చదువుకున్న స్త్రీలు ఒకరినొకరు కలుసుకోవడానికి ‘హౌస్‌వైఫ్‌ల రిజిస్టర్’ అని పెట్టుకున్నారు. 1987లో అందులోని హౌస్‌వైఫ్‌ని తీసేసి ‘వుమెన్’ అని మార్చుకున్నారు. మన సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఒక చేతిపుస్తకం వేసి, తీర్పుల్లో హౌస్‌వైఫ్ అనకండి, ‘హోమ్‌మేకర్’ అనండి అని చెప్పింది. ఇంటిని తయారుచేసే మనిషి. బాగానే వుంది. హోమ్‌మేకర్‌లో మొగుడి ప్రసక్తి లేదు, చేసే పని ప్రసక్తి వుంది. కాని కళాయి పోయిన గిన్నెకి మళ్ళీ కళాయి వేయించినట్టే ఇది. గిన్నె అదే, అందులో వండేదీ అదే. “ఏం లేదండీ, జస్ట్ హోమ్‌మేకర్‌ని” అనడం అప్పుడే మొదలయింది, నా చెవులతో విన్నాను. 

పేరుకన్నా లెక్క విషయంలో కోర్టు చెప్పిన మాటలు నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే స్త్రీలని పనిచెయ్యనివాళ్ళ కింద వేశారు. ఆ జాబితాలో వాళ్ళ పక్కన వున్నదెవరు? బిచ్చగాళ్ళు, వేశ్యలు, ఖైదీలు. షేక్‌స్పియర్ కాలపు హౌస్‌వైఫ్‌కి పట్టిన గతే మళ్ళీ పట్టింది, ఈసారి ప్రభుత్వం చేతిలో! 2010లో సుప్రీంకోర్టు ఈ వర్గీకరణని గట్టిగా తప్పుపట్టింది. 2021 జనవరిలో ఇంకో కేసు. రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ పోయారు. సంపాదన లేని ఆ భార్య ప్రాణానికి పరిహారం ఏ లెక్కన కట్టాలి? అప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ, మన కృష్ణాజిల్లా ఆయన, విడిగా తీర్పు రాస్తూ, ఇంటిపనికి ఆదాయం వున్నట్టే లెక్కకట్టాలని, అది దయ కాదని విడమరిచి చెప్పారు. 2019లో ప్రభుత్వమే చేయించిన సర్వే లెక్క కూడా చూపించారు. ఇంట్లోవాళ్ళకోసం జీతంలేని ఇంటిపనిలో ఆడవాళ్ళు రోజుకి సగటున గడిపేది 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 299 అంటే అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. ఆ ఒక్క నిమిషం “ఏం లేదండీ” అని చెప్పడానికి సరిపోతుంది.

అదే తీర్పులో 2011 జనాభా లెక్క కూడా వుంది. ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లమంది. అలా చెప్పిన మగవాళ్ళు సుమారు 58 లక్షలమంది. తక్కువే అయినా లేకపోలేదు. ఇలాంటి మగవాణ్ణి ఇంగ్లీషులో ‘హౌస్‌హజ్బెండ్’ అంటున్నారు. హజ్బెండ్‌లో హూస్ అని ఇల్లు ముందే వుంది గదా, అది మరిచిపోయి దాని ముందు మళ్ళీ ఇంకో ఇల్లు తగిలించారు. ‘ఇంటి ఇంటివాడు’ అన్నమాట. ఆ 58 లక్షలమందీ వృత్తి గడిలో ఏం రాస్తున్నారో చూడాలని నాకు మహా కుతూహలంగా వుంది.